త్రినగరిలో వాలీబాల్: కోర్టులు ఉన్నాయి, గేట్లే తెరవరు

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మా త్రినగరికి ఉద్యోగం మీద కొత్తగా వచ్చిన కుర్రాడెవరైనా "అన్నా, ఇక్కడ సాయంత్రం పూట వాలీబాల్ ఎక్కడ ఆడతారు?" అని అడిగితే సరిగ్గా చెప్పగలిగేవాళ్లు తక్కువ. అదే బాక్స్ క్రికెట్ (చుట్టూ వల కట్టిన చిన్న టర్ఫ్‌లో ఆడే క్రికెట్) అని అడిగితే అక్కడికక్కడే ఫోన్ తీసి స్లాట్ బుక్ చేసి పెడతారు. లక్షల జనాభా ఉన్న నగరంలో, పైగా చుట్టూ ప్రతి ఊళ్లో వాలీబాల్ తెలిసిన జిల్లాల మధ్య ఉన్న నగరంలో ఇలా ఎందుకుందో ఆలోచించాలి.

స్థలం లేదనే మాట నేను ఒప్పుకోను. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది. నాలుగు వైపులా మూడేసి మీటర్లు వదిలినా మన లెక్కలో సుమారు 430 గజాలు, అంటే రెండు మామూలు ఇళ్ల ప్లాట్లంత. అందులో ఒకేసారి పన్నెండు మంది ఆడతారు. రెండు పోల్స్, నెట్, బంతి, ముగ్గుతో గీసిన గీతలు ఉంటే ఆట మొదలుపెట్టొచ్చు. లేఅవుట్లలో పార్కు కోసం వదిలే స్థలంలో ఒక మూల చాలు దీనికి. కానీ ఆ స్థలాల్లోకి వాకింగ్ ట్రాక్ వస్తుంది, ఓపెన్ జిమ్ వస్తుంది, వాలీబాల్ పోల్స్ మాత్రం రావు. బంతి ఇళ్ల మీద పడుతుందని, పిల్లలు అరుస్తారని కాలనీ పెద్దలు అభ్యంతరం చెబుతారు. బంతి బయటికి పోకుండా ఎత్తుగా వల కడితే సరిపోయే విషయం అది.

బాక్స్ క్రికెట్ కోసం టర్ఫ్‌లు గంటల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు వాలీబాల్ పెట్టరని తిట్టుకోవడం కూడా దండగ. ఆ కృత్రిమ గడ్డి కార్పెట్ మీద డైవ్ కొడితే చర్మం లేచిపోతుంది. షటిల్ కోసం వేసిన రేకుల షెడ్డులో పెడదామా అంటే వాలీబాల్‌కి కోర్టు మీద కనీసం 7 మీటర్ల ఎత్తు వరకు ఏ అడ్డూ ఉండకూడదు. ఇవన్నీ సర్దుకున్నా మనుషుల సమస్య ఉంటుంది. షటిల్‌కి ఇద్దరు చాలు, బాక్స్ క్రికెట్‌కి ఎంతమంది వస్తే అంతమందితో కానిచ్చేస్తారు, వాలీబాల్‌కి మాత్రం పది పన్నెండు మంది ఒకే టైంకి రావాలి, అదీ వారానికోసారి కలిసే ముఖాలైతే ఆట కుదరదు, ఎందుకంటే బంతిని పైకి లేపి అందించే సెట్టర్ చేతివాటం స్మాష్ కొట్టేవాడికి, కొట్టేవాడి అడుగు సెట్టర్‌కి అలవాటు కావాలి. రోజూ అదే టైంకి అదే చోటుకి చేరే గుంపు ఉంటేనే వాలీబాల్ బతుకుతుంది, అలాంటి గుంపుని గంటల లెక్కన అద్దెకిచ్చే చోటు తయారు చెయ్యలేదు.

అందుకే మన దగ్గర ఈ ఆటని నిలబెట్టింది ఎప్పుడూ సంస్థలే. రైల్వే, పోలీసు, కాలేజీలు. పి.వి. సింధు తల్లిదండ్రులు రమణ, విజయ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు, ఇద్దరూ రైల్వే ఉద్యోగులు. నిర్మల్‌లో పుట్టిన రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు, తర్వాత అర్జున అవార్డు అందుకున్నారు. త్రినగరికి సంస్థల కొదవ లేదు: కాజీపేట రైల్వే ఊరు, ఇక్కడ ఎన్ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది, ఇక ప్రభుత్వ హైస్కూళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కానీ క్యాంపస్‌లో కోర్టు ఉన్నా బయటివాళ్లకి దారి ఉండదు, బడి కోర్టుకి సాయంత్రం బెల్లు కొట్టాక తాళం పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్లకి నేనిచ్చే సలహా ఒకటే, పొద్దున్నే ఆరింటికి ఏదైనా పెద్ద గ్రౌండ్‌కి వెళ్లి కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పరిగెత్తే కుర్రాళ్లని అడగండి, లేదంటే దగ్గర్లోని బడి పీఈటీ సార్‌ని కలవండి. ఆట జాడ వాళ్లకే తెలుసు.

ములుగు, భూపాలపల్లి ఏజెన్సీ గూడేల సంగతి చూడండి. అక్కడ పోలీసులు యువతకి వాలీబాల్ కిట్లు పంచడం, టోర్నమెంట్లు పెట్టడం ఏళ్లుగా నడుస్తోంది. యువత మావోయిస్టుల వైపు పోకూడదన్నది వాళ్ల ఉద్దేశం, అది అందరికీ తెలిసిందే. కారణం ఏదైనా అడవి మధ్య గూడెంలో కుర్రాళ్ల చేతికి నెట్, బంతి వచ్చాయి, హనుమకొండ కాలనీలో కుర్రాడికి రాలేదు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటే ఈ ఆట ఎంత తక్కువ ఖర్చుతో నడుస్తుందో చూపించడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇక చూడటం. ఊళ్లో వాలీబాల్ ఆడే చోటూ చూసే చోటూ ఒకటే. సంక్రాంతి టోర్నమెంట్‌లో గీతకి రెండడుగుల దూరంలో నిలబడి స్మాష్ చప్పుడు వింటూ పెరిగిన పిల్లాడు మర్నాడు బంతి పట్టుకుంటాడు. నగరానికి వచ్చేసరికి ఈ రెండూ విడిపోయాయి. ఆట గేటు లోపల ఉండిపోయింది, చూడాలంటే టీవీనో ఫోనో, లేదా హైదరాబాద్. ప్రైమ్ వాలీబాల్ లీగ్ 2025 అక్టోబరు సీజన్ మొత్తం గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే జరిగింది, అందులో హైదరాబాద్ బ్లాక్ హాక్స్ మన జట్టు, ఉత్సాహం ఉంటుంది, కానీ ఇక్కడి నుంచి గచ్చిబౌలి దాదాపు 160 కిలోమీటర్లు, మ్యాచులేమో రాత్రిపూట, పిల్లల్ని తీసుకెళ్లి ఏ తెల్లవారుజాముకో ఇల్లు చేరడం ఎంతమంది వల్ల అవుతుంది?

పెద్ద పోటీలు రాజధానికే రావాలన్న రూలేమీ లేదు. 2005లో ప్రపంచ జూనియర్ పురుషుల వాలీబాల్ చాంపియన్‌షిప్ విశాఖపట్నంలో జరిగింది. మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్)లో సింథటిక్ ట్రాక్ పడ్డాక 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి. అంత పెద్దవి రాకపోయినా ఫర్వాలేదు. ఇక్కడ జరిగే చిన్న పోటీల సంగతైనా జనానికి తెలియాలి కదా. స్కూల్ గేమ్స్ సెలక్షన్లు, కాలేజీ టోర్నీలు, డిపార్ట్‌మెంట్ మ్యాచులు జరుగుతూనే ఉంటాయి. పేపర్ జిల్లా పేజీలో కప్పు పట్టుకున్న విజేతల ఫోటో మర్నాడు వస్తుంది, మ్యాచ్ ఉందన్న కబురు మాత్రం ముందురోజు రాదు. ఈ ఒక్కటి నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే దీన్ని సరిచెయ్యడానికి రూపాయి ఖర్చు లేదు.

అమ్మాయిల పరిస్థితి ఇంకా కష్టం. గురుకులంలోనో హాస్టల్‌లోనో ఉంటూ బాగా ఆడిన పిల్ల డిగ్రీ అయ్యాక నగరంలో ఎక్కడ ఆడాలి? మగవాళ్ల నెట్ 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. మన గ్రౌండ్లలో చాలా పోల్స్‌కి ఆ ఎత్తు మార్చుకునే కొక్కేలు కూడా ఉండవు. వెలుతురు లేని గ్రౌండ్‌కి చీకటి పడ్డాక ఏ తల్లిదండ్రులూ పంపరు, పంపమని అడగడం కూడా న్యాయం కాదు.

నేను అడిగేది పెద్ద స్టేడియం కాదు. హనుమకొండలో ఒకటి, వరంగల్‌లో ఒకటి, కాజీపేటలో ఒకటి, మూడు ప్రభుత్వ బడుల కోర్టులు సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా అందరికీ తెరవాలి. తాళం బాధ్యత మళ్లీ పీఈటీ సార్ నెత్తిన పెడితే నాలుగు రోజుల్లో ఆగిపోతుంది, అందుకే ఒక పాత క్రీడాకారుడికి నెలకి కొంత గౌరవ వేతనం ఇచ్చి అప్పగించాలి. లైట్లు కార్పొరేషన్ వెయ్యాలి. వారంలో రెండు సాయంత్రాలు పూర్తిగా అమ్మాయిలకే ఉండాలి. ఆదివారం సాయంత్రం మూడు చోట్ల జట్ల మధ్య మ్యాచ్ పెట్టి, ఎవరితో ఎవరో శుక్రవారానికే గేటు మీద రాసి పెట్టాలి, చూడటానికి జనం వాళ్లంతట వాళ్లే వస్తారు. ఏటా మేలో వేసవి శిక్షణ శిబిరాలు ఎలాగూ పెడతారు, నెట్లు కడతారు, గీతలు గీస్తారు. జూన్‌లో వాటిని విప్పి స్టోర్ రూంలో పడెయ్యకుండా అక్కడి నుంచే ఇది మొదలుపెట్టొచ్చు.