కుక్కని ట్రాలీలో గొలుసుతో కట్టేస్తే చాలా? ఆ ఫార్వర్డ్ మెసేజీకి నా జవాబు

ఎండలు ముదరగానే మా ఆక్వా (రొయ్యల సాగు) గ్రూపుల్లో ఒక మెసేజీ మళ్లీ తిరుగుతోంది. పికప్ బండిలో కుక్కని తీసుకెళ్లడం చాలా సులువంటూ మొదలవుతుంది. మెడకి గొలుసు వేసి, వెనక సరుకు మోసే ట్రాలీలో కట్టేస్తే చాలట. నెమ్మదిగా వెళ్తే అదీ అక్కర్లేదట. గాలి తగులుతుంది కాబట్టి ఎండ సమస్యే లేదట. గొర్రెలు వెళ్లట్లేదా, అమెరికాలో అందరూ తీసుకెళ్లట్లేదా, చట్టం ఎక్కడైనా వద్దందా అని దబాయింపు. గోల చేస్తే సగం నిద్రమాత్ర, దిగగానే గొలుసు విప్పేయడం. ఆఖర్న మామూలే, పదిమందికీ పంపమని.

పోనీలే అని వదిలేయొచ్చు. కానీ మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో, అల్లూరు నుంచి కొత్తపట్నం దాకా రొయ్యల చెరువుల మీద కాపలాకి కుక్కని పెట్టుకోని రైతు తక్కువ. చెరువు మారినా, టీకాకి కావలి వెళ్లాలన్నా, పెద్ద జబ్బు చేసి తిరుపతి వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాలన్నా, ఎక్కించేది మేత బస్తాలు మోసే బొలెరో పికప్‌లోనో టాటా ఏస్‌లోనో. కారున్నవాడు కూడా ఆ బురద కాళ్లతో సీటెక్కనివ్వడు. కాబట్టి ఈ మెసేజీ చదివినవాళ్లు నిజంగానే దాన్ని పాటిస్తారు. అదే నాకు టెన్షన్. ఒక్కోటీ చూద్దాం.

"మెడకి గొలుసు వేసి సైడు కొక్కేనికి గట్టిగా కట్టండి, ఇక పడే ప్రశ్నే లేదు."

మొత్తం మెసేజీలో ప్రాణం తీసే మాట ఇదే. ఒకసారి మీ బండి వెనక నిలబడి చూడండి. కొక్కెం ఉండేది సైడు డోరు పక్కన. గొలుసు మూడు నాలుగు అడుగులు. సైడు డోరు ఎత్తు మహా అయితే కుక్క వీపు దాకా. రోడ్డు పక్కన ఇంకో కుక్క మొరిగినా, పెళ్లి ఊరేగింపులో టపాకాయ పేలినా మనది ఒక్క దూకు దూకుతుంది. గొలుసు దాన్ని దూకకుండా ఆపదు. దూకాక ఆపుతుంది. అప్పటికి కుక్క బండి బయట ఉంటుంది, బరువంతా మెడ మీద ఉంటుంది. గొలుసు పొట్టిదైతే వేలాడుతుంది, పొడుగైతే చక్రం పక్కన ఈడ్చుకుపోతుంది. క్యాబిన్లో పాటలు మోగుతుంటాయి, డ్రైవరుకి తెలిసేది వెనక బైకువాడు హారన్ కొట్టి చెయ్యి ఊపినప్పుడే.

దూకకపోయినా సుఖం లేదు. సడన్ బ్రేకు పడితే పాతిక కిలోల కుక్క ముందుకి విసురుగా పోతుంది, దాన్నంతా పట్టి ఆపేది మెడపట్టీ ఒక్కటే. గొంతు గొట్టం, మెడ ఎముకలు ఉన్న చోటే ఆ దెబ్బ. అందుకే ఒక పక్క నుంచి మెడకి కట్టకూడదు. వేరే దారి లేదనుకుంటే ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ వేసి, దాని వీపు రింగు నుంచి రెండు పక్కలకీ రెండు తాళ్లు కట్టాలి. పడుకోగలగాలి, ఏ సైడు డోరు మీదకీ ముందుకాళ్లు ఎత్తలేకపోవాలి. తాడు పొడవుకి అదే కొలత. ఇది కూడా రెండో రకం ఏర్పాటే.

మొదటి రకం బోను. ఇనుపదైనా సరే, గట్టి ప్లాస్టిక్‌దైనా సరే. కుక్క నిలబడి, ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి పడుకునేంత ఉంటే చాలు. ఇంకా పెద్దదైతే బ్రేకు పడ్డప్పుడు అందులోనే దొర్లుతుంది. బోనుని వెనక డోరు దగ్గర కాకుండా క్యాబిన్ గోడకి ఆనించి మధ్యలో పెట్టాలి. సరుకు బిగించే లారీ బెల్టులు రెండు అడ్డంగా వేసి బిగించాలి. తర్వాత రెండు చేతులతో బోనుని పట్టుకుని ఊపండి. బండి ఊగాలి కానీ బోను జరగకూడదు. అడుగున గేదెల కొట్టంలో వేసే రబ్బరు మ్యాటు ముక్క. బోనులో పెట్టాక మెడ గొలుసు తీసేయాలి, చువ్వకి చిక్కుకుంటే అదే ఉరి అవుతుంది. పక్కన మేత బస్తాలు పేర్చేవాళ్లు ఉంటారు, మలుపులో అవి జారి పడితే బోను గాలి మూసుకుపోతుంది. బోనున్న రోజు బస్తాలు వద్దు.

ఇంకోటి, మన జిల్లాలవాళ్లకి మరీ ముఖ్యం. ముందు రోజు ఆ ట్రాలీలో ఏం మోశారో గుర్తు చేసుకోండి. సున్నం, బ్లీచింగ్ పౌడరు చెరువులకి మోసిన బండిలో రేకు మూలల్లో ఆ పొడి ఉండిపోతుంది. తడి కాళ్లతో కుక్క దాని మీద నిలబడితే అరికాళ్లు మండుతాయి, నాకితే నోరు పుండవుతుంది. ఎక్కించే ముందు నీళ్లు కొట్టి కడగడం పది నిమిషాల పని.

"నెమ్మదిగా వెళ్తే కట్టనక్కర్లేదు. దగ్గరే కదా."

కుక్క దూకేది ఎక్కువగా బండి నెమ్మదించినప్పుడే. స్పీడు బ్రేకరు దగ్గర, రైల్వే గేటు కాడ, టీ కొట్టు ముందు. వేగంగా పోయేటప్పుడు బెదిరి ముడుచుకుని పడుకుంటుంది, ఆగబోతుంటే దిగిపోవచ్చనుకుంటుంది. దిగేది వెనక వస్తున్న ఆటో ముందుకి. ఇక "దగ్గరే" అన్న ఊరు కూడా ఎక్కువసార్లు హైవే అవతలే ఉంటుంది. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి 16 మీటర్లకి పైగా పోతుంది. ఆ వేగంలో ఎగిరిపడి డివైడరు గోడకి కొట్టుకోవడమంటే, లెక్క ప్రకారం 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు నాలుగో అంతస్తు నుంచి నేల మీద పడ్డట్టు. దాన్ని తప్పించబోయి పక్కకి కోసిన బైకువాడి సంగతి మెసేజీ రాసినాయనకి తట్టినట్టు లేదు.

"గాలి తగులుతుంది, ఎండ సమస్య లేదు. ఎక్కువైతే పట్ట కప్పండి."

మేలో నెల్లూరు, ఒంగోలు ఎండలు నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, 42, 43 డిగ్రీలు మామూలు సంగతి. అది నీడలో కొలిచే లెక్క. ఎండలో నిలబెట్టిన ట్రాలీ రేకు దానికంటే చాలా ఎక్కువ కాలుతుంది. రేకు మీద అరచెయ్యి వెనక వైపు ఆనించి ఐదు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఉంచలేకపోతే కుక్క అరికాళ్లు కూడా ఉండలేవు. మనం చెప్పులేసుకుని ట్రాలీ ఎక్కుతాం కాబట్టి ఆ సంగతి తట్టదు.

గాలి సంగతికొద్దాం. మనకి గాలి తగిలితే చల్లగా ఉండేది ఒంటి మీద చెమట ఆరడం వల్ల. కుక్కకి ఒంటి నిండా చెమట పట్టదు, అరికాళ్ల దగ్గర కాస్త పడుతుంది, అంతే. అది చల్లబడేది నాలుక బయటపెట్టి ఒగర్చడం వల్ల, నోట్లో ఊపిరి గొట్టంలో తడి ఆవిరవడం వల్ల. బొచ్చు మీద వీచే 43 డిగ్రీల వడగాలి దాన్ని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. కుక్క మామూలు ఒంటి వేడి 38, 39 డిగ్రీలు. 41 దాటితే వడదెబ్బ, లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే ఆ రెండు డిగ్రీలు ఎక్కడానికి తిరుపతి దాకా పోనక్కర్లేదు. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఇంకా ముందే వస్తుంది, వాటిని వేసవి పగలు ట్రాలీ ఎక్కించనే కూడదు.

పట్ట కప్పితే ఎండ ఆగుతుంది నిజమే, గాలి కూడా ఆగిపోతుంది. కుక్క ఒగర్చిన తడంతా పట్ట కింద ఉక్కపోతగా నిలిచిపోతుంది. గాలిలో తడి పెరిగేకొద్దీ ఒగర్చినా ఫలితం తగ్గిపోతుంది. పైగా వెనక్కి తెరిచి ఉన్న పట్ట సందులోంచి సైలెన్సరు పొగ లోపలికి లాక్కుంటుంది. నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ బోను పైభాగాన మాత్రమే కట్టండి, నాలుగు వైపులా గాలి ఆడనివ్వండి. అన్నిటికంటే మంచిది తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరడం. నెల్లూరు నుంచి తిరుపతి 130 కిలోమీటర్ల పైమాటే, ఎండ ఎక్కేలోపు చేరిపోతారు. ఓపీ తెరిచేదాకా చెట్టు కింద కూర్చుంటే పోయిందేం లేదు. క్యాబిన్లో చోటుంటే అక్కడే, పక్క సీటు కాళ్ల దగ్గర ఒక మనిషి పట్టుకుని కూర్చుంటే ఇంకా మంచిది. కానీ అద్దాలు ఎత్తేసి టిఫిన్‌కి దిగిపోకండి. మూసిన క్యాబిన్ వేడి పది నిమిషాల్లోనే దాదాపు పది డిగ్రీలు ఎక్కుతుంది.

దారిలో విపరీతంగా ఒగర్చి, చొంగ చిక్కగా కారి, చిగుళ్లు ఎర్రగా కందిపోయి తూలుతోందా? అది అలసట కాదు, వడదెబ్బ. ఆస్పత్రికి పరిగెత్తేముందు నీడకి దించి, ఒళ్లంతా మామూలు నీళ్లు పొయ్యాలి, పొట్ట, గజ్జలు, కాళ్లు మరీ బాగా తడపాలి, విసరాలి. తడి గుడ్డ కప్పి వదిలేయొద్దు, కాసేపటికి అదే వేడిని పట్టి ఉంచుతుంది. ముందు చల్లబరచడం, తర్వాతే ప్రయాణం.

"తల బయటపెట్టి గాలి పీల్చడం కుక్కకి ఇష్టం."

ఇష్టమే. చీమకుర్తి గ్రానైటు క్వారీల టిప్పర్ల వెనకాల బైకు మీద కళ్లద్దాలు లేకుండా పోయినవాడినడగండి కంట్లో ఏం పడుతుందో. కుక్కకి రెప్ప తుడుచుకునే చెయ్యి కూడా లేదు. నలుసు గీసుకుని నల్లగుడ్డు పుండైతే చూపు పోవచ్చు.

"గొర్రెలు, బర్రెలు వెళ్లట్లేదా?"

గొర్రెల బండికి చుట్టూ పైదాకా కడ్డీల చట్రం కడతారు, చూసే ఉంటారు. గొర్రె మందలో ముడుచుకుంటుంది, బర్రె గిట్టలు దన్ని నిలబడుతుంది. కుక్కది వేరే స్వభావం, కదిలేది ఏది కనిపించినా దాని వెంట పడాలనుకుంటుంది, గోళ్లేమో నున్నటి రేకు మీద జారతాయి. పశువులకైతే మోటారు వాహనాల రూల్సులో అరల కొలత కూడా రాసి ఉంది, గొర్రెకి 0.3 చదరపు మీటరు చొప్పున. ఆ రూలు ఎందరు పాటిస్తున్నారన్నది వేరే కథ, ఎత్తితే తెల్లారదు. వాటిని మనం గొప్పగా తీసుకెళ్తున్నాం కాబట్టి కుక్కనీ అలాగే అనడం మాత్రం వాదన కాదు.

"అమెరికాలో అందరూ ట్రాలీలోనే తీసుకెళ్తారు, వీడియోలు చూడండి."

వీడియోలో చట్టం కనిపించదు. కాలిఫోర్నియాలో వాహన చట్టం 23117 సెక్షను ఉన్నదే ఇందుకు. రోడ్డు మీద ట్రాలీలో జంతువుని తీసుకెళ్తే చుట్టూ కనీసం 46 అంగుళాల ఎత్తున అడ్డు ఉండాలి, లేదా కదలకుండా బిగించిన బోను ఉండాలి, లేదా రెండు పక్కల నుంచీ తాళ్లు కట్టి ఉండాలి. పశువుల్ని, పల్లెటూళ్లలో పొలం పనికి వాడే కుక్కల్ని మినహాయించారు. మన చెరువు కుక్కా పని కుక్కే కదా అనొచ్చు. అనండి. మినహాయింపు పోలీసు దగ్గరే పనికొస్తుంది, ఎగిరి పడితే ఎముకల దగ్గర పనికిరాదు.

"మన దేశంలో దీనికి చట్టమే లేదు."

ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11. బాధ కలిగేలా ఏ బండిలోనైనా జంతువుని తీసుకెళ్లడం నేరమే. 1978 జంతు రవాణా నిబంధనల్లో కుక్కలకి, పిల్లులకి ఏకంగా ఒక అధ్యాయం ఉంది, వేసవిలో నాలుగు గంటలకోసారి నీళ్లు పెట్టాలన్నది అందులోదే. మరి ఎవరూ భయపడరేం అంటే, మొదటిసారి తప్పుకి ఆ చట్టంలో జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టోల్ గేటు దగ్గర కొనే కొబ్బరి బోండం ఖరీదు. మెసేజీ రాసినాయన చట్టం లేదనే బదులు చట్టానికి పళ్లు లేవని రాసి ఉంటే నేనూ తలూపేవాణ్ణి.

"గోల చేస్తే సగం నిద్రమాత్ర వేయండి."

మనుషుల మాత్ర వేయకండి. బరువుని బట్టి మోతాదు తేడా వస్తుంది, కొన్ని మందులు కుక్కకి విషం. డాక్టరే ఇచ్చిన మత్తుమందు కూడా ట్రాలీ ప్రయాణానికి మంచిది కాదు. రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తి తగ్గుతుంది, కాళ్లు తూలతాయి. మత్తులో ఉన్న కుక్క నిశ్శబ్దంగా ఉంటే నిద్రపోతోందో వడదెబ్బ తగిలిందో మీకు తెలియదు. వాంతులు చేసుకునే కుక్కకి వాంతుల మాత్ర వేరే ఉంది, పశువుల డాక్టరు రాస్తారు. గోల తగ్గాలంటే బోనుని వారం ముందే వసారాలో తలుపు తీసి పెట్టి, అన్నం అందులోనే పెట్టండి. ప్రయాణం రోజు అన్నం పెట్టాక రెండు గంటలైనా ఆగి ఎక్కించండి, నీళ్లు మాత్రం ఆపొద్దు.

"దిగగానే గొలుసు విప్పేసి వదిలేయండి, అదే చోటు అలవాటు చేసుకుంటుంది."

చేసుకోదు. గంటసేపు ఊగి, బెదిరి, కొత్త వాసనల మధ్య దిగిన కుక్క పాత ఇంటివైపు పరుగు తీస్తుంది. ఆ దారి చెరువు గట్టు మీద నుంచి హైవే మీదకే పోతుంది. అందుకని వెనక డోరు దించే ముందే ఒక మనిషి ట్రాలీ ఎక్కాలి. బోను తలుపు చెయ్యి పట్టేంత తెరిచి, హార్నెస్‌కి తాడు తగిలించి, ఆ తాడు మణికట్టుకి ఒక చుట్టు చుట్టుకున్నాకే తలుపు పూర్తిగా తీయాలి. ఎత్తులోంచి దూకనివ్వకుండా కిందికి ఎత్తి దించండి, లేదా ఒక బల్ల వాలుగా వేయండి. నీళ్లు పెట్టి, మొదటి రెండు మూడు రోజులు తాడు మీదే గట్టు చుట్టూ తిప్పండి. మోటారు షెడ్డు దగ్గర రాత్రి పడుకునే వాచ్‌మన్ చేతి అన్నం తినడం మొదలుపెట్టాక విప్పొచ్చు.