న్యూట్రల్‌లో పెట్టి లాగించమనే మెసేజ్‌ని ఇక పంపకండి

"బ్రేక్‌డౌన్ కవర్లన్నీ ఒకటే, చవకది తీసుకోండి" అంటూ ఐదు పాయింట్ల మెసేజ్ ఒకటి గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. బ్రేక్‌డౌన్ కవరంటే బండి దారిలో ఆగిపోతే సాయానికి మనిషిని, బండిని పంపే ప్లాన్; రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్నా అదే. ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి చదవండి.

"బండి ఆగాక యాప్‌లో కొనొచ్చు." చాలా ప్లాన్లకు కొన్నాక వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. అప్పటికే ఉన్న రిపేరుకు రారు.

"టైరు పోతే కొత్తది వేస్తారు." వెయ్యరు, మీ స్టెప్నీ బిగిస్తారు. స్టెప్నీలో గాలి లేకపోయినా, వీల్ లాక్ నట్టు తాళం ఇంట్లో ఉండిపోయినా మరో బండితో లాగించుకోవడమే (టోయింగే) గతి.

"పెట్రోలు ఫ్రీ." తెచ్చివ్వడం ఫ్రీ. పెట్రోలు డబ్బులు చాలా ప్లాన్లలో మీవే.

ఇక నాలుగోది: "ఏ టోయింగైనా ఒకటే, న్యూట్రల్‌లో పెడితే చాలు." ఇది రాసినవాళ్లు గేర్‌బాక్స్ రిపేరు బిల్లు కూడా కడతారా? మామూలు ఆటోమేటిక్‌లో గేర్‌బాక్స్ ఆయిల్ పంపును తిప్పేది ఇంజినే. ఇంజిన్ ఆగితే పంపూ ఆగుతుంది. ఇంజిన్ తిప్పే చక్రాలు (డ్రైవ్ చక్రాలు) రోడ్డు మీద దొర్లుతుంటే, న్యూట్రల్‌లో ఉన్నా లోపలి భాగాలు తిరుగుతూనే ఉంటాయి. ఆయిల్ అందక వేడెక్కి అరిగిపోతాయి. ఎలక్ట్రిక్ కారులో చక్రాలు తిరిగితే మోటారే కరెంటు పుట్టిస్తుంది, మోటారుకు కరెంటు అందించే ఇన్వర్టర్ దెబ్బతినొచ్చు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఆల్ వీల్ డ్రైవ్‌ని రెండు చక్రాలెత్తి లాగితే ముందు, వెనక చక్రాలను కలిపే సెంటర్ కప్లింగ్‌కి చేటు. ఈ రెండు రకాలకూ నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డే రావాలి. ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఆటోమేటిక్‌ని మాత్రం ముందు చక్రాలెత్తి లాగొచ్చు, హ్యాండ్‌బ్రేక్ తీసి ఉండాలి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండికి బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఆ బ్రేకే వదలదు. ముందు మరో బ్యాటరీతో జంప్ ఇవ్వాలి, లేదా తిరగని చక్రాల కింద జారే స్కేట్లు పెట్టాలి. బేస్‌మెంట్‌లో ఆగితే ఇది తప్పదు, ఫ్లాట్‌బెడ్ అక్కడికి దిగదు.

అందుకే కొనేముందు మీ మోడల్ పేరు చెప్పి అడగండి. ఫ్లాట్‌బెడ్ ఖాయంగా పంపుతారా? ఫ్రీ కిలోమీటర్లు బండి ఆగిన చోటి నుంచా, టోయింగ్ బండి బయల్దేరిన చోటి నుంచా, రానూపోనూ కలిపా? దగ్గర్లోని గ్యారేజీకా, మీరు చెప్పినదానికా? ఇంటి ముందు ఆగినా వస్తారా? ఏడాదికి ఎన్నిసార్లు? జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట రోడ్డు మీద పనికిరాదు.

ఐదోది, "కంపెనీ ఇచ్చిన రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉండగా మరోటి కొనకండి" అన్నది నిజం. ఒకే బండికి రెండు కవర్లుంటే రెండు టోయింగ్ బండ్లు రావు. కాకపోతే కంపెనీ ఇచ్చినదాని గడువు తేదీ ఇవాళే చూసుకోండి. రెన్యూ చేయించకపోతే చాలాసార్లు వారంటీతో పాటే అయిపోతుంది.