దుంగను ఒక్కడే ఎక్కించేస్తే మేమేం కావాలి?

విశాఖపట్నం మీద 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడిన సంగతి అందరికీ తెలుసు. మా సందుకు మాత్రం అసలు ఉపద్రవం ఆ తర్వాత నాలుగో రోజున వచ్చింది. అరవై దాటిన ఒకాయన గునపం, నైలాను తాడు, రెండు సరుగుడు బాదులతో గూడ్స్ వ్యానులో దిగాడు. సందు మొగలో పడి ఉన్న నిద్రగన్నేరు దుంగను, ఇంటివాళ్ల దగ్గర కొనుక్కున్నదట, ఎవర్నీ పిలవకుండా బండెక్కించుకుని పోయాడు. ఇలాంటివి చూస్తూ ఊరుకుంటే వీధి అనే వ్యవస్థే ఉండదని మనవి.

ముందు మా పక్షం వినండి. కరెంటు లేదు, టీవీ లేదు, ఫోనులో సిగ్నల్ లేదు. ఆ దుంగే దిక్కు. పాల కోసం బయల్దేరి పాలు దొరక్క తిరిగొచ్చిన పదకొండు మందిమి నాలుగు రోజులుగా దాని చుట్టూ చేరుతున్నాం. ఆరున్నర అడుగుల పొడవు, అడుగుంపావు మందం. పచ్చి కర్ర కాబట్టి 216 కిలోలుంటుందని లెక్కల మాస్టారు తేల్చారు. ఆరుగురు పట్టాలని ఒకరు, జేసీబీ లేనిదే కాదని ఒకరు, తన బావమరిదికి క్రేన్ వాళ్లు తెలుసని ఇంకొకరు. చర్చ మంచి పాకాన పడింది.

సరిగ్గా అప్పుడే ఆయన వచ్చాడు. నమస్కారం లేదు, సలహా అడగలేదు. దుంగ కొస దగ్గర ఒక రాయి పెట్టి, దాని మీద గునపం ఆనించి నొక్కాడు. కొస లేచింది. అంతే! కింద ఒక గుండ్రటి కర్రముక్క తోశాడు, రెండో కొసనా అదే పని. దుంగ దొర్లడం మొదలెట్టింది. వెనక మిగిలిపోయిన ముక్కను తీసి ముందుకు తెచ్చి పెట్టడం, మళ్లీ తొయ్యడం. ఒక్కసారైనా "హైలెస్సా" అన్నాడా అంటే అదీ లేదు.

మాస్టారు బాధతో లెక్క చెప్పారు. ఒక కొస లేపితే సగం బరువు నేలే మోస్తుంది. మిగిలింది 108 కిలోలు. ఐదడుగుల గునపంలో మొన నుంచి అరడుగు దగ్గర రాయి ఉంటే దానిలో తొమ్మిదో వంతు చాలు. అంటే 12 కిలోలు. మా ఇంటికి నెలనెలా వచ్చే బియ్యం బస్తా దీనికి రెట్టింపు పైనే. దాన్ని లోపల పెట్టడానికి నేను వాచ్‌మన్‌ని పిలుస్తాను, అది వేరే సంగతి.

ఇక ఎక్కించడం. లోడింగ్ తన డ్యూటీ కాదని డ్రైవరు సీట్లోంచి దిగలేదు. ఆయన బతిమాలలేదు కూడా, చక్రాల కింద రాళ్లు పెట్టుకున్నాడు. వ్యాను పక్క తలుపు దించి, ఏడున్నర అడుగుల బాదులు రెండూ ఏటవాలుగా ఆనించాడు. తాడు రెండు కొసలూ బండి కొక్కేలకు కట్టి, మధ్యభాగాన్ని దుంగ కింద నుంచి పోనిచ్చి, పైనుంచి వెనక్కి తెచ్చుకుని, బండి మీద నిలబడి లాగాడు. దుంగ బుద్ధిగా దొర్లుకుంటూ పైకి వచ్చేసింది. రెండున్నర అడుగుల ఎత్తుకి మూడింతల వాలు కాబట్టి మూడో వంతు, పైగా తాడు మెలికతో అందులోనూ సగమే. 216 కిలోలది 36కి వచ్చింది. రాపిడికి ఇంకొంచెం కలుపుకోండి. "కానీ తాడు పదిహేను అడుగులు లాగాలి కదా! ఏం మిగిలినట్టు?" అని మాస్టారు నిలదీశారు. ఆయన లాగేశాడు. పది నిమిషాలు పట్టింది.

ఈ మొత్తం వ్యవహారంలో ఆయన మాతో అన్నది ఒక్క మాట: "దుంగకి దిగువన నిలబడకండి బాబూ, జారితే కాళ్ల మీదకొస్తది."

నిలబడడానికి చోటిస్తే భూమినే కదిలిస్తానన్నాడట ఆర్కిమెడిస్. మా సందులో ఆయనకా చోటు దొరికేది కాదు, అక్కడ మేముంటాం. భద్రాచలం వైపు అడవుల్లోంచి దుంగల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి తేల్చుకొచ్చిన కాలంలో కూడా బరువు మోసింది నీళ్లే; అయినా ఒడ్డునున్నవాళ్లు అక్కర్లేదని ఎవరైనా అన్నారా?

కాబట్టి మా డిమాండ్లు చిన్నవే. రాయి, కర్ర, తాడు ఒకే మనిషి చేతిలో ఉండకూడదు. ఉన్నా, వీధివాళ్లకు కనీసం ఒక పూట ముందు కబురు చెయ్యాలి. ఏటవాలు అనేది పెద్దల సమక్షంలోనే వెయ్యాలి.

చివర్లో నేనే చొరవ చేసి అడిగాను, "అంత బరువు ఒక్కడివే ఎలా మోశావు తాతా?" అని.

"నేనెక్కడ మోశాను బాబూ," అని తాడు చుట్టుకుంటూ వ్యానెక్కాడు.

చెట్టు మొదలు మాత్రం వేళ్లతో సహా వదిలేసి పోయాడు. మరుసటి పొద్దున ఆరింటికల్లా పదకొండు మందిమీ దాని దగ్గరున్నాం. దీనికి ఎనిమిది మందైనా పట్టాలని అంచనా.