పిల్లల పుస్తకమట, పిల్లల పుస్తకం!

కొబ్బరి దింపు లెక్కలు చూసుకోవాలని ఇవాళ రాజోలు దగ్గర మా అత్తవారింటికి వెళ్ళాం. మగాళ్ళందరూ అరుగు మీద కూర్చున్నారు. వంటయ్యింది, నాకో అరగంట ఖాళీ దొరికింది. సంచీలోంచి పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివానో లేదో, మా బావగారొచ్చి మంచినీళ్ళడిగారు. నేను లేచి తెచ్చేలోపు పుస్తకం ఆయన చేతిలో ఉంది. నల్ల అట్ట, రెండు చేతులు, వాటిలో ఎర్ర యాపిల్. "ఏంటమ్మా ఇది? మా బుజ్జి ఇంటర్లో ఉండగా చదివేది. ఈ వయసులో నీకు దెయ్యాల ప్రేమకథలేంటి?" అని వీధి చివరిదాకా వినబడేట్టు నవ్వారు. అరుగంతా నవ్వింది. మా ఆయనా నవ్వారు. ఆయన సంగతి ఇంటికొచ్చాక చూసుకున్నాలెండి, అది వేరే పోస్టు.

అవునండీ, ట్విలైటే, రక్తపిశాచిని ప్రేమించిన పిల్ల కథ. నలభై దాటాక చదువుతున్నాను, అదీ రెండోసారి. అయితే ఏంటంట?

పిల్లల పుస్తకం అంటున్నారు కదా, అది రాసిందెవరు? స్టెఫెనీ మేయర్, ముగ్గురు మగపిల్లల తల్లి. 2003లో ఓ రాత్రి ఆవిడకో కలొచ్చింది. తెల్లారి లేచి అది రాసుకోవడం మొదలెట్టి, ఆ చంటిపిల్లల్ని సముదాయిస్తూనే మూడు నెలల్లో పుస్తకం పూర్తిచేసింది. మా బావగారికి ఒక్క దింపు లెక్క తేల్చడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, పైగా తప్పులు. 2005లో మొదటి పుస్తకం వచ్చింది, 2008 కల్లా ఆ వరసలో నాలుగూ వచ్చేశాయి. పది కోట్ల కాపీలు దాటి అమ్ముడుపోయాయి. అన్నీ ఇంటర్ పిల్లలే కొన్నారా? పాకెట్ మనీ దాచుకునా?

ఇదే రక్తపిశాచి కథ 1897లో బ్రామ్ స్టోకర్ అనే గడ్డం పెద్దమనిషి రాస్తే అది క్లాసిక్కు. ఆ డ్రాక్యులా పుస్తకం చేతిలో పట్టుకుని బస్సెక్కితే మేధావి. నా చేతిలో యాపిల్ అట్ట కనబడితే నవ్వులాట.

వయసు గురించి అడగాలంటే ముందు ట్విలైట్ హీరో, ఆ రక్తపిశాచి ఎడ్వర్డ్‌నే అడగాలి. 1901లో పుట్టాడు. 1918లో స్పానిష్ ఫ్లూతో చచ్చిపోతుంటే రక్తపిశాచిని చేసి బతికించారు. మొహం పదిహేడేళ్ళది, మనిషికి వందేళ్ళు దాటాయి. మన సినిమాల్లో దీనికి తిరగేసి కదా! అరవై దాటినాయన కాలేజీ గేటు ముందు పుస్తకాలు పట్టుకుని కూతురి ఈడు పిల్ల వెంటపడితే మా బావగారు ఈల వేస్తారు. అక్కడ ఆయనకి వయసు గుర్తురాదు. సంక్రాంతి మూడు రోజులూ పందెం బరి దగ్గర గొంతు పోయేలా అరిచేటప్పుడూ గుర్తురాదు. నేను నోరు మూసుకుని ఓ మూల పుస్తకం చదువుకుంటే గుర్తొస్తుంది.

ఎందుకు నచ్చుతుందో చెప్పనా? మొదటి పుస్తకంలో ఓ రోజంతా ఎడ్వర్డ్ తను ప్రేమించిన పిల్లని ప్రశ్నలే అడుగుతాడు. ఏ రంగిష్టం, ఏ రాయిష్టం, ఏం చదువుతావు, ఏం వింటావు. అడిగి, చెప్పింది వింటాడు. విన్నది గుర్తు పెట్టుకుంటాడు! రక్తం తాగడం కన్నా ఇదే పెద్ద వింత నాకు. ఇన్నేళ్ళ కాపురంలో నాకే రంగిష్టమో మా ఆయనకి తెలుసా? పోనీ ఏ కూర ఇష్టమో? ఆయన తినేదే నాకూ ఇష్టమని అనుకుంటారు. చెప్పకుండా కిటికీలోంచి దూరి ఆ పిల్ల నిద్రపోతుంటే చూస్తాడే, అది మాత్రం నాకు అస్సలు నచ్చదు. మా లంకల్లో అయితే కొబ్బరిచెట్టుకి కట్టేసి అప్పుడు పేరడుగుతారు. కానీ మీద పడి కొరకాలని ఉన్నా పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాడు కథలోనైనా ఉన్నాడు కదా అని చదువుతాం. పదహారేళ్ళప్పుడు ముద్దు కోసం చదువుతాం, నలభైలో ఆ బిగబట్టుకోవడం కోసం. డెబ్బైలో ఎందుకు చదువుతారో మా అత్తయ్య చెప్పారు.

ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు మధ్యాహ్నాలు ఈ కథే తెలుగులో చెప్పేదాన్ని. "ఏవే, వాడు మనుషుల రక్తం తాగడా?" "తాగడత్తయ్యా. ఆ ఇంట్లో అందరూ జంతువుల రక్తమే తాగుతారు. వాళ్ళలో వాళ్ళు శాకాహారులమని చెప్పుకుంటారు." "మన కార్తీకమాసం శాకాహారుల్లాగానా? మరింకేం, ఇల్లుంది, కారుంది, అత్తగారు మంచిది. సంబంధం ఖాయం చేసెయ్యమను." వెండిరంగు వోల్వో కారు అనగానే ఆవిడకి సెక్రటరీ నవల్లో రాజశేఖరం గుర్తొచ్చాడు. యద్దనపూడి పిచ్చి ఆవిడకి. అవి వచ్చిన రోజుల్లోనూ "వంటింటి సాహిత్యం" అని ఇలాగే నవ్వేవారట మగాళ్ళు, నవ్వి మళ్ళీ చాటుగా చదివేవారట.

అత్తయ్య పత్రికల్లోంచి సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, అయిపోయాక బైండు చేయించేవారు. ఖాకీ అట్ట, లోపల ఊదారంగు సిరాతో ఆవిడ పేరు. ఓ పేజీ వెనక సగం తెగిన వారఫలాలు, ఇంకోదాని వెనక గోంగూర పచ్చడి, ఉప్పెంతో తెగిపోయింది. అంచుల్లో పాలవాడి లెక్కలు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాతో మాట్లాడినవి ఆ పుస్తకాలే.

ఆవిడ చనిపోయిన ఏడాది ఇంటికి సున్నాలేయిస్తూ వాటినన్నిటినీ బావగారు పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చేశారు. ఎవరినీ అడగలేదు. "చెదలు పడతాయి కదమ్మా" అన్నారు. మావయ్యగారి పాత పంచాంగాలు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి, కర్పూరం బిళ్ళలతో సహా. ప్రమోదూత నామ సంవత్సరంలో వర్జ్యం ఎప్పుడొచ్చిందో ఇప్పుడెవడికి కావాలండీ? వాటికి పట్టని చెదలు అత్తయ్య పుస్తకాలకే పట్టాయా?

ఆ మనిషి ఇవాళ నా పుస్తకం చేతిలోకి తీసుకుని నవ్వారు. అదండీ నా మంట.

కింద కామెంట్లలోకొచ్చి "ఇదీ ఒక సాహిత్యమేనా మేడం" అనే పెద్దమనుషులు మీ పంచాంగాలు మీరు చూసుకోండి. మిగతావాళ్ళకి ఓ మాట. రాజమండ్రిలోగానీ కాకినాడలోగానీ పాతపుస్తకాల షాపుల్లో ఖాకీ అట్ట సీరియల్ బైండు కనబడితే మొదటి పేజీ తిరగేసి ఊదారంగు సిరా ఉందేమో చూసి ఫోటో పెట్టండి. ధర షాపువాడినే చెప్పమనండి, బేరం ఆడను.