సవరణ: కుక్కల ఫ్లీ మందును పిల్లులకు వేయరాదు

విజయనగరంలో ఫ్లీ పురుగుల (కుక్కలు, పిల్లుల ఒంటి మీద చేరి రక్తం పీల్చే చిన్న పురుగులు) మందు తక్కువ ఖర్చుతో కొనడం గురించి గత వారం రాసిన పోస్టులో, పెద్ద కుక్కకు కొన్న, చర్మం మీద వేసే చుక్కల మందులో కొంత తీసి పిల్లికి కూడా వేయవచ్చని చెప్పాను. అది తప్పు, పొరపాటు నాదే. పోస్టు చదివిన ఒక పశువైద్యులు ఈ సంగతి చెప్పిన తరువాత చూస్తే, మా ఇంట్లో ఉన్న పెట్టె అంచునే సన్నటి అక్షరాల్లో పిల్లులకు వాడరాదన్న హెచ్చరిక ఉంది.

కుక్కల మందులు కొన్నింటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుల మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ కాబట్టి, కొద్దిగా పడినా వణుకు, మూర్ఛ వచ్చి ప్రాణం పోవచ్చు. అప్పుడే మందు వేసిన కుక్కను ఆనుకొని పిల్లి పడుకున్నా ప్రమాదమే. నా మాట నమ్మి ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే, లక్షణాలు కనబడేదాకా ఆగకుండా పిల్లిని వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

పిల్లికి పిల్లుల కోసమే తయారైన ఫిప్రోనిల్ (మరో రకం ఫ్లీ మందు) చుక్కలు కొనాలి. వాటి పైపెట్‌లో (మందు నింపి ఉండే చిన్న గొట్టం) సాధారణంగా 0.5 మి.లీ. ఉంటుంది. మెడ వెనుక, నాలుకకు అందని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీదే వేయాలి. 8 వారాలు నిండని కూనలకు వాడరాదు.