బక్నర్ అంటే ఆ ఒక్క బంతేనా?

అమెరికా బేస్‌బాల్ ఆటగాడు బిల్ బక్నర్ పేరెత్తితే చాలు, అదే వీడియో! 1986 అక్టోబరు 25, న్యూయార్క్, ఛాంపియన్ ఎవరో తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్, బక్నర్ జట్టు బోస్టన్‌కీ న్యూయార్క్ మెట్స్‌కీ మధ్య. మెట్స్ బ్యాటర్ మూకీ విల్సన్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ వచ్చి, బక్నర్ గ్లవ్ కింద నుంచి, కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయింది. మ్యాచ్ మెట్స్‌దైంది. పాత అభిమానులకు ఇంకేమీ గుర్తుండదా?

అప్పటికే స్కోరు 5-5 కదా! పదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు ప్రత్యర్థులు ఔటయ్యేసరికి బోస్టన్ 5-3తో ముందుంది, ఇంకొక్క ఔట్ చాలు, గెలుపే. అక్కణ్నుంచి వరసగా మూడు సింగిల్స్ (బ్యాటర్ మొదటి బేస్ చేరే హిట్లు) ఇచ్చిందెవరు? బోస్టన్ పిచర్, అంటే బంతి విసిరేవాడు, షిరాల్డీ. క్యాచర్‌కి అందని బంతి విసిరి స్కోరు సమం కానిచ్చిందెవరు? అతని తర్వాత వచ్చిన పిచర్ స్టాన్లీ. చీలమండలు పాడై, ఎత్తు బూట్లు బిగించుకుని కుంటుతున్న బక్నర్‌ను తీసేసి బదులు ఆటగాడు స్టేపిల్టన్‌ను దింపకుండా అక్కడే నిలబెట్టిందెవరు? మేనేజర్ కాదూ? పైగా ఏడో మ్యాచ్ ఇంకా మిగిలే ఉంది. అందులో 3-0 ఆధిక్యం పోగొట్టింది జట్టంతా!

బక్నర్ ఆడింది 22 సీజన్లు. 2,715 హిట్లు. 1980లో నేషనల్ లీగ్‌లో అత్యధిక సగటుకు దక్కే బ్యాటింగ్ టైటిల్. తొమ్మిది వేలకు పైగా ఎట్-బ్యాట్స్‌లో (బ్యాటింగ్ అవకాశాల్లో) స్ట్రైకౌట్ అయింది, అంటే బంతిని ఆటలోకి కొట్టలేక ఔటయింది, 453 సార్లే! ఇప్పటి బ్యాటర్లు ఎంతమంది మూడు సీజన్లకే ఆ లెక్క దాటేస్తున్నారో చూడండి. ఇదెందుకు చెప్పుకోరు?

2008లో బోస్టన్ సొంత మైదానం ఫెన్‌వే పార్కులో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఇక అయిపోయిందనుకుంటే, 2019లో ఆయన పోయిన రోజు మళ్లీ అదే బంతి! చనిపోయిన మనిషిని కూడా వదలరా? ఆయన పాత బేస్‌బాల్ కార్డు ఇంట్లో ఉంటే ఒక్కసారి వెనక్కి తిప్పి, ఏడాది వారీ అంకెలు చదవండి.