ఫైనల్ టికెట్ కొనే ముందు ఒక్క మాట

యూఎస్ ఓపెన్ టెన్నిస్ మహిళల సింగిల్స్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది రెండో శనివారం ఫైనలే. ఆర్థర్ యాష్ స్టేడియంలో 23 వేల పైచిలుకు సీట్లు. పై అంతస్తులో కూర్చుంటే ఆడేవాళ్లు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు, ఇక పెద్ద తెరకేసి చూడ్డమే. ఆ భాగ్యానికి ఇంట్లో టీవీ లేదా? టెన్నిస్ నేర్చుకునే అమ్మాయి ఇంట్లో ఉంటే, న్యూయార్క్ తీసుకెళ్లాల్సింది అసలు టోర్నీకి ముందు, అర్హత పోటీలు జరిగే క్వాలిఫయింగ్ వారంలో. ప్రవేశం ఉచితం.

మెయిన్ డ్రాలో, అంటే అసలు టోర్నీలో, 128 మంది ఆడతారు. 104 మంది ర్యాంకు మీద వస్తారు, 8 మందికి నిర్వాహకులే వైల్డ్ కార్డులిచ్చి నేరుగా పిలుస్తారు. మిగిలిన 16 చోట్ల కోసం మరో 128 మంది తలపడతారు. మూడు గెలిస్తే లోపలికి, ఆపైన ఏడు గెలిస్తే కప్పు. 2021లో 150వ ర్యాంకుతో వచ్చిన ఎమ్మా రాడుకాను ఈ పదీ ఒక్క సెట్టు కూడా పోనివ్వకుండా గెలిచింది. ఫైనల్ రెండో సెట్లో 5-3 దగ్గర మోకాలు గీసుకుపోయింది. రక్తం కారుతుంటే ఆట ఆపాలన్నది నియమం. కట్టు కట్టించుకొచ్చి, ఎదుటామె అందుకోలేని సర్వ్‌తో, అంటే ఏస్‌తో ముగించింది.

ఈ క్వాలిఫయింగ్ ఆటలు జరిగే బయటి కోర్టుల దగ్గర ముందు వరసలోనే కూర్చోవచ్చు. అక్కడ మీ అమ్మాయిని, బంతిని వదిలేసి, మొదటి సర్వ్ తప్పాక వేసే రెండో సర్వ్ చేతిని చూడమనండి. మహిళల సింగిల్స్‌లో సగం కథ అక్కడే తేలిపోతుందని నా నమ్మకం. నెట్ మధ్యలో మూడడుగుల ఎత్తు, సర్వ్ దాటకుండా పడాల్సిన సర్వీస్ లైన్ నెట్‌కు 21 అడుగుల దూరం. భయపడ్డ అమ్మాయి బంతిని తక్కువ ఎత్తులో, ముందుకి ఎగరేస్తుంది, 'జాగ్రత్తగా' వేద్దామని చెయ్యి నెమ్మది చేస్తుంది. తప్పంతా అదే. రాకెట్ వేగం తగ్గితే బంతికి స్పిన్, అంటే గిర్రున తిరుగుడు, పడదు. బంతి నెట్‌కు తగులుతుంది, లేదా పొట్టిగా పడి ఎదుటామెకు విందు భోజనమవుతుంది. ఆమె అప్పటికే కోర్టు వెనక గీత, అంటే బేస్‌లైన్ దాటి లోపలికొచ్చి కాచుకుని ఉంటుంది. కుడిచేతివాళ్లు బంతిని తలపైన, కాస్త ఎడమవైపు ఎగరేసి, కింది నుంచి పైకి పూర్తి వేగంతో కొడితే అది పడ్డాక భుజమెత్తు లేస్తుంది.

మన హైదరాబాద్ సానియా మీర్జా 2005లో సీడింగ్ (ముందే ప్రకటించే మేటి ఆటగాళ్ల జాబితాలో చోటు) లేకుండానే ఇక్కడ నాలుగో రౌండ్‌కి వచ్చి, షరపోవా చేతిలో 6-2, 6-1తో ఓడింది. ఫోర్‌హ్యాండ్‌లో ఆమె ఎవరికీ తీసిపోదు. సింగిల్స్‌లో 27వ ర్యాంకు దగ్గర ఆగిపోవడానికి మణికట్టు గాయాలెంత కారణమో, ఆమె రెండో సర్వూ అంతే కారణమంటాను.

7వ నంబరు రైలెక్కి మెట్స్-విల్లెట్స్ పాయింట్‌లో దిగండి. బ్యాక్‌ప్యాక్ లోపలికి రానివ్వరు, చిన్న చేతిసంచి చాలు. ఆగస్టు ఎండకి టోపీ, నీళ్లు మరవకండి. క్వాలిఫయింగ్ మూడో రౌండ్ రోజున వెళ్లగలిగితే ఇంకా మంచిది: మెయిన్ డ్రా ఒక్క మ్యాచ్ దూరంలో ఉన్నప్పుడే ఆ చెయ్యి వణకడం బాగా కనిపిస్తుంది.